ముందు వంటింట్లో ఉన్న మనిషిని బయటికి పిలవండి: ఇంటిల్లిపాదీ కలిసి ఆడుకునే టైమ్ ఎట్లా దొరుకుతుంది

"ఈ ఆదివారం ఎటైనా పోదాం" అనే మాట మన ఇళ్లల్లో వారం వారం వినపడుతుంది, తీరా పోయేది ఎప్పుడంటే ఎవరిదో పెళ్లో గృహప్రవేశమో ఉన్నప్పుడే. ఎవరినీ అనడానికి లేదు. చౌటుప్పల్ దిక్కో జడ్చర్ల దిక్కో కంపెనీల్లో చేసేవాళ్లకు ఏ, బీ, సీ షిఫ్టులు, సరిగ్గా ఆదివారం నాడే డ్యూటీ పడుతుంది. నల్లగొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో రోజూ పట్నం (హైదరాబాద్) పోయొచ్చేవాళ్లకు రానూపోనూ దగ్గర దగ్గర 200 కిలోమీటర్లు బస్సులోనో రైల్లోనో గడిచిపోతాయి, ఇంటికొచ్చేసరికి మాట్లాడే ఓపిక కూడా ఉండదు. ఎవుసం చేసే ఇంట్లో బర్రెలకు ఆదివారం అంటే ఏందో తెలియదు. ఇంటర్ చదివే పిల్ల కాలేజీ, స్టడీ అవర్లు అయిపోయి వచ్చేసరికి చిన్నోడు నిద్రపోయి ఉంటాడు.

కాబట్టి పూర్తి ఖాళీ రోజు కోసం ఎదురుచూడటం ముందు మానేయండి. అది రాదు. వచ్చినా బట్టలు ఉతకడానికి, బియ్యం ఏరడానికి, చుట్టాల ఇంటికి పోవడానికే సరిపోతుంది. మనకు కావాల్సింది వారంలో మూడు నాలుగు రోజులు ఒక అరగంట, అది దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంది, కాకపోతే ఆ అరగంటలో ఒకరు గిన్నెలు తోముతుంటారు, ఒకరు ఫోన్ చూస్తుంటారు, ఒకరు టీవీ ముందు ఉంటారు.

అరగంటను వెతకడం

గోడ మీది క్యాలెండర్ పాత కాగితం ఒకటి చింపి వెనక వైపు రాయండి: ఇంట్లో ఎవరు ఎన్ని గంటలకు ఇంట్లో ఉంటారు, మెలకువగా ఉంటారు. షిఫ్టులు మారే ఇంటికి మూడు షిఫ్టులకూ మూడు వరుసలు రాసుకోవాలి. చాలా ఇళ్లకు రాత్రి అన్నాలు తిన్నాక పడుకునే ముందు కాసేపు కలుస్తుంది. కిరాణా కొట్టు వాళ్లకు మధ్యాహ్నం బేరాలు లేని టైమ్. పాలకేంద్రానికి పాలు పోసొచ్చే ఇంట్లో, పాలు పోశాక పొయ్యి ముట్టించే లోపల. బీ షిఫ్ట్ (మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా) వారం అయితే రాత్రి సంగతి వదిలేయండి, పొద్దున పిల్లలు స్కూలుకు పోయే ముందు చాయ్ టైమ్ ఉంటుంది, అది పావుగంటే అయినా సరే.

ఆ టైమ్‌కు పేరు పెట్టకండి, అలారం పెట్టకండి. "ఫ్యామిలీ టైమ్" అని బోర్డు పెట్టినట్టు ప్రకటిస్తే పదో తరగతి పిల్లాడు ఆ గంటకే బాత్‌రూమ్‌లోకి దూరుతాడు. ఊరికే చాప వేసి కూర్చోండి. కూర్చున్న చోటికి మనుషులు వస్తారు.

అసలు సంగతి: గిన్నెలు

నేను చూసిన ఇళ్లల్లో కలిసి ఆడుకోవడం ఎక్కడ ఆగిపోతుందంటే టైమ్ దగ్గర కాదు, సింకు దగ్గర. నలుగురూ హాల్లో నవ్వుతుంటారు, అమ్మ లోపల నుంచి "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని అడుగుతుంటుంది, ఎవరూ తిరిగి చెప్పరు. మళ్లీ మధ్యలో "అమ్మా, నీళ్లు", "అమ్మా, ఇంకో రెండు మిర్చి బజ్జీలు". ఇది ఇంటిల్లిపాది సంతోషం కాదండీ, ముగ్గురి సంతోషానికి ఒకరి డ్యూటీ.

అందుకే మొదటి రూల్ ఇది: గిన్నెలు అయిపోయాకే ఆట. ఆట కావాలంటే గిన్నెలు తొందరగా అవ్వాలి, తొందరగా అవ్వాలంటే అందరూ లేవాలి. తిన్న పళ్లెం ఎవరిది వాళ్లు కడుక్కోవాలి, ఆరేళ్ల పిల్ల కూడా. ఒకరు తోమితే ఒకరు కడిగి బోర్లించాలి. ఇంటాయన పొయ్యి గట్టు తుడిచి, మిగిలిన కూర చిన్న గిన్నెలోకి తీసి, పాలు తోడు పెట్టాలి (ఎంత తోడు వేయాలో మొదటి రెండు రోజులు అడుగుతాడు, చెప్పండి, కానీ లేచి మీరు వేయకండి). ఒక్కరు ముక్కాలు గంట చేసే పని పావుగంటలో తేలిపోతుంది. "మగపిల్లాడితో గిన్నెలు తోమిస్తున్నవా" అని అత్తమ్మ అంటే వాదించక్కర లేదు, "ఆటకు లేట్ అవుతుంది అత్తమ్మా, మీరు గళ్లు గీయండి" అంటే చాలు, ఆవిడ సుద్దముక్క కోసం వెతుకుతుంది.

అష్టాచెమ్మ ఎందుకంటే

క్యారమ్ బోర్డు బాగుంటుంది, కానీ దాంట్లో చేతివాటం ఉన్నోడే గెలుస్తాడు, నానమ్మ రెండో రోజుకే పక్కకు జరుగుతుంది. అష్టాచెమ్మలో సగం అదృష్టం, సగం తెలివి, అందుకే ఏడేళ్ల పిల్లా డెబ్బై ఏళ్ల ముసలావిడా ఒకే చాప మీద పోటీ పడొచ్చు. మరిచిపోయినవాళ్ల కోసం చెబుతున్నా.

నేల మీద సుద్దముక్కతో ఐదు అడ్డం, ఐదు నిలువు, మొత్తం 25 గళ్లు గీయండి. నాలుగు వైపులా నడిమి గడిలో, మధ్యలో ఉన్న గడిలో ఇంటూ మార్కు పెట్టండి. నాలుగు వైపుల ఇంటూ గళ్లు నలుగురి ఇళ్లు. ఒక్కొక్కరికి నాలుగు కాయలు: ఒకరికి గాజు ముక్కలు, ఒకరికి కందులు, ఒకరికి చొక్కా గుండీలు, ఏవైనా సరే. వేయడానికి నాలుగు గవ్వలు, లేకపోతే చింతగింజలు. చింతగింజను గరుకు బండ మీద ఒక వైపు బాగా రుద్దితే పైపొట్టు పోయి తెల్లగా వస్తుంది, రెండో వైపు అట్లాగే నల్లగా ఉంటుంది. ఈ రుద్దే పని పిల్లలకు ఇవ్వండి, వేళ్లు కాలుతున్నాయని గోల చేస్తూనే పది గింజలు రుద్దుతారు.

ఎన్ని గవ్వలు నోరు పైకి పడితే (గింజలైతే ఎన్ని తెల్లగా పడితే) అన్ని గళ్లు. నాలుగూ పైకి పడితే చెమ్మ, నాలుగు గళ్లు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది గళ్లు. చెమ్మ పడినా అష్ట పడినా ఇంకోసారి వేయాలి. ఎదుటివాళ్ల కాయ ఉన్న గడిలోకి మీ కాయ వస్తే దాన్ని చంపినట్టు, అది తిరిగి ఇంటికి పోతుంది, మీకు ఇంకో వంతు వస్తుంది. ఇంటూ గళ్లల్లో ఉన్న కాయను ఎవరూ చంపలేరు. బయటి వరుస చుట్టూ తిరిగి లోపలి వరుసలోకి పోవాలంటే కనీసం ఒక్క కాయనైనా చంపి ఉండాలి. నడిమి గడికి చేరిన కాయ పండినట్టు. నాలుగూ ముందు పండినవాళ్లు గెలిచినట్టు.

ఇంటికో రూల్ ఉంటుంది. మొదటి కాయ కదలాలంటే చెమ్మో అష్టో పడాలని కొందరంటారు, అక్కర్లేదని కొందరంటారు. ఆట మొదలుపెట్టక ముందే తేల్చుకోండి, మధ్యలో తేల్చుకుందామంటే అన్నదమ్ముల పంపకాలంత లొల్లి అవుతుంది. చిన్నపిల్లలను ప్రతిసారీ గెలిపించకండి, వాళ్లకు తెలిసిపోతుంది. ఏడిస్తే ఏడవనివ్వండి, పక్కనే కూర్చున్న తాత "నాయినా, నా రెండు కాయలు కూడా పోయినయిరా" అంటే సరిపోతుంది. ఇంకొకటి, దయచేసి ఆటను ట్యూషన్ చేయకండి. "ఇప్పుడు మూడూ ఎనిమిదీ కలిపితే ఎంత?" అని అడిగిన మరుక్షణం ఆట చచ్చిపోతుంది.

అరగంటలో ఆట పూర్తి కాకపోతే ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి, రేపు అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు, ఎవరి కాయ ఎక్కడుందో గొడవ ఉండదు. ఇద్దరే ఉన్న రోజు వామనగుంటలు, 14 గుంటలు, చింతగింజలు. కరెంట్ పోయిన రోజు అంత్యాక్షరి. ఎండాకాలం డాబా మీద పడుకుంటే ఆట కూడా అక్కర్లేదు, ఉత్తరం దిక్కు సప్తర్షులు ఎక్కడున్నాయో ముందు కనిపెట్టినోళ్లకు నులక మంచం, మిగతావాళ్లకు చాప.

వంటే ఆటగా

వారంలో ఒక రోజు వంటను వంటింట్లోంచి హాల్లోకి తేవచ్చు. దీనికి సర్వపిండిని మించింది లేదు. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లిపాయ, కరివేపాకు, పచ్చిమిర్చి, ఉప్పు వేసి నీళ్లతో కలపాలి. పల్లీలు పొట్టు తీసి దంచడం ఒకరికి, ఉల్లిగడ్డ కోయడం ఒకరికి (కండ్లు మండుతున్నాయని నాటకం వేసేవాళ్లకే ఇవ్వండి). మందపాటి గిన్నెకు నూనె రాసి పిండిని లోపల అడుగు నుంచి అంచుల దాకా పల్చగా వేళ్లతో ఒత్తాలి, వేలితో అక్కడక్కడ బొక్కలు పొడిచి ఒక్కో బొక్కలో నూనె చుక్క వేయాలి. ఈ బొక్కలు పొడిచే పని కోసం పిల్లలు కొట్టుకుంటారు, వంతులు పెట్టండి. మూత పెట్టి సన్నని మంట మీద ఉంచితే అడుగు ఎర్రగా కాలి అంచులు వాటంతట అవే గిన్నెను వదులుతాయి.

ఇక్కడ ఒక విషయం ఉంది. ఒకటి దించాక గిన్నె చల్లారేదాకా రెండోది ఒత్తలేం, చెయ్యి కాలుతుంది. హడావిడిలో ఉన్నోళ్లకు ఇది చిరాకు, అందుకే రెండు గిన్నెలు పెట్టుకుని మార్చి మార్చి కాలుస్తారు. ఆ రోజు మాత్రం ఒక్క గిన్నెతోనే చేయండి. మొదటిది నలుగురూ తలా ముక్క తుంచుకుని తింటూ రెండోది ఒత్తే దాకా ముచ్చట పెట్టుకుంటారు, ఎవరికీ పళ్లెం నిండా ఒకేసారి రాదు కాబట్టి ఎవరూ లేచి పోరు. పాలమూరు దిక్కు జొన్నరొట్టె కూడా ఇట్లాంటిదే, పెనం మీది నుంచి వేడివేడిగా తింటేనే రుచి, కాకపోతే కొట్టేది ఒక్కరే అయిపోతారు, పిల్లలకు చిన్న ముద్ద ఇచ్చి కొట్టమనండి, ఏ దేశం మ్యాప్ లెక్క వచ్చినా కాల్చి వాళ్లకే పెట్టండి.

దసరా ముందు వెనక సీతాఫలాలు వస్తాయి. కండ్లు విచ్చుకున్న కాయలు చూసి కొని బియ్యం డబ్బాలోనో గడ్డిలోనో పెడితే రెండు మూడు రోజుల్లో మగ్గుతాయి. వాకిట్లో గుండ్రంగా కూర్చుని తినండి, గింజలు ఎవరు దూరం ఊస్తారో పందెం వేయండి. పొద్దున ఊడ్చేది ఓడిపోయినోళ్లు.

ఫోన్ల పంచాయితీ

పిల్లల ఫోన్ గురించి మాట్లాడేముందు నాన్న ఫోన్ గురించి మాట్లాడుకోవాలి. పెద్దలు రీల్స్ చూస్తూ "నువ్వు ఫోన్ పక్కన పెట్టు" అంటే ఎవరు వింటారు? ఆ అరగంట ఫోన్లన్నీ ఫ్రిజ్ మీద. డ్యూటీ ఫోన్లు వచ్చేవాళ్లది రింగ్ పెట్టి అక్కడే ఉంచండి, మోగితే లేచి ఎత్తుకోవచ్చు. అత్తమ్మ సీరియల్ టైమ్‌తో మాత్రం పెట్టుకోకండి. వారంలో ఒక రోజు మీరే పోయి పక్కన కూర్చుని "ఈమె ఎవరత్తమ్మా, ఎందుకు ఏడుస్తుంది?" అని అడగండి. కథ మొత్తం చెబుతుంది, మధ్యలో తన పెళ్లి నాటి సంగతి కూడా ఒకటి బయటికొస్తుంది.

దూరంగా ఉన్నవాళ్లు ఉంటే

మన దిక్కు ఇది రాయకపోతే సగం ఇళ్లను వదిలేసినట్టే. పాలమూరు నుంచి పనికోసం ముంబై, పుణె, పట్నం పోయినవాళ్లు తరతరాలుగా ఉన్నారు, పిల్లలు ఊళ్లో అవ్వ తాతల దగ్గర ఉంటారు. గురుకులాల్లో, హాస్టళ్లల్లో ఉండే పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు. వీళ్లకు కలిసి గడపడం అంటే ఫోనే.

ఆ ఫోన్‌లో మనం ఏం మాట్లాడతాం? "తిన్నవా? ఏం కూర? చదువుతున్నవా? సరే పెట్టెయ్యనా?" ఒక్క నిమిషంలో అయిపోతుంది. అందుకే మాట్లాడటానికి బదులు ఏదైనా కలిసి చేయండి. పొద్దున ఒక పొడుపుకథ వాయిస్ మెసేజ్ పెట్టండి: "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు." జవాబు సాయంత్రం ఫోన్‌లోనే. పిల్లలు పగలంతా అవ్వను సతాయించి కనురెప్పలని కనిపెట్టుకుని ఫోన్ ఎప్పుడొస్తుందా అని కూర్చుంటారు. రేపు పొడుపుకథ వేసే వంతు వాళ్లది. వీడియో కాల్ సరిగా వచ్చే చోట అష్టాచెమ్మలో నాన్నకు నాలుగు కాయలు ఇవ్వండి, గవ్వలు ఆయన తరఫున చిన్నోడు వేస్తాడు, ఏ కాయ జరపాలో ఆయన చెబుతాడు. అక్కడ గదిలో ఉన్న తోటి పనివాళ్లు కూడా సలహాలిస్తారు, "దాన్ని చంపు, దాన్ని చంపు" అని.

హాస్టల్ విజిటింగ్ రోజు డబ్బాల కొద్దీ తిండి పట్టుకుపోయి మార్కులు అడిగి వచ్చేస్తాం. తిండి తక్కువైనా ఫర్వాలేదు, ఒక పాత చీర ముక్క మీద గళ్లు గీసి మడిచి సంచిలో పెట్టుకుపోండి. చెట్టు కింద పరిచి ఒక ఆట ఆడితే పిల్ల తనంతట తానే హాస్టల్ సంగతులు చెప్పడం మొదలుపెడుతుంది. మార్కుల సంగతి గేటు దగ్గర అడగొచ్చు.

పూట బయటికి పోవాలంటే

రోజంతా టూర్ పెట్టుకుంటే నిద్ర లేవడం దగ్గరే కొట్లాట మొదలవుతుంది. సగం పూట చాలు. నల్లగొండ వాళ్లకు పానగల్లు పక్కనే ఉంది. ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దున చూసినా సాయంత్రం చూసినా అక్కడే ఉంటుంది. "ఆ నీడ ఏ స్తంభానిదో కనిపెట్టండి" అని పిల్లలకు చెప్పి మీరు తీరిగ్గా కూర్చోండి, ఒక్కో స్తంభం దగ్గర నిలబడి చూసుకుంటూ గంట గడుపుతారు. చల్లబడ్డాక ఉదయసముద్రం చెరువు కట్ట మీద నడిచి రావచ్చు.

మహబూబ్‌నగర్ వాళ్లకు పిల్లలమర్రి. మూడెకరాల దాకా అల్లుకున్న మర్రి, 2017లో పెద్ద కొమ్మ విరిగితే తర్వాత మనుషులకు ఎక్కించినట్టు సెలైన్ సీసాలు కట్టి చెదల మందు ఎక్కించారు. చెట్టుకు సెలైన్ పెట్టారంటే ఏ పిల్లాడు వినకుండా ఉంటాడు?

నాగార్జునసాగర్ గేట్లు ఎత్తిన ఆదివారం మాత్రం పోకండి, పోతే ట్రాఫిక్‌లో కారు అద్దంలోంచి చూడాల్సిందే. వీలైతే మామూలు రోజు పొద్దున్నే పోండి. నాగార్జునకొండ లాంచీ నడుస్తుందో లేదో ముందే కనుక్కోండి. ఇంట్లో 80 దాటిన తాత ఉంటే వెంట తీసుకుపోండి, 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసి 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలేదాకా ఆ రాతి డ్యామ్ కట్టిన రోజుల ముచ్చట్లు ఆ వయసు వాళ్ల దగ్గరే ఉంటాయి. ఒక్కటి గట్టిగా చెబుతున్నా: కాలువల్లోకి దిగనివ్వకండి. పైకి మెల్లగా కనపడే నీళ్లు లోపల లాగుతాయి, గట్లు పాకురు పట్టి ఉంటాయి, దిగినోళ్లకు పట్టు దొరకదు.

తిండి ఇంటి నుంచే, పులిహోర, పెరుగన్నం, తొక్కు. అది కూడా రాత్రి అందరూ కలిసి కట్టిందే, లేకపోతే మళ్లీ ఒక్కరే తెల్లవారుజామున నాలుగింటికి లేచి బస్సులో కునుకు తీస్తారు.

బతుకమ్మకు ఇంట్లో మగవాళ్లకు పనేం లేదని ఎవరన్నారు? పండుగ రోజుల్లో పువ్వు తెచ్చే పని వాళ్లకివ్వండి. పొద్దున్నే బండి మీద పిల్లలను ఎక్కించుకుని రోడ్డు పక్క తంగేడు, చెలకల్లో గునుగు కోసుకురమ్మనండి. మార్కెట్లో కట్టలు దొరుకుతాయి, కానీ తండ్రీ కూతుళ్లు ముండ్లు గుచ్చుకుంటూ తెచ్చిన పువ్వుల ముచ్చట వేరు. సాయంత్రం కాడలు సమానంగా కోయడం, వరుసలు పేర్చడం కూడా కూర్చున్నవాళ్లందరి పనే.

కుదరకపోతే

కుదరని రోజులుంటాయి. పరీక్షలు, నాట్లు, ఇంట్లో జ్వరాలు, డబ్బుల టెన్షన్. ఆ వారం వదిలేయండి, వదిలేసినందుకు ఎవరినీ దెప్పకండి, తర్వాతి వారం చాప మళ్లీ వేయండి. భార్యాభర్తలు మాట్లాడుకోక రెండు రోజులైతే పిల్లలను మధ్యలో పెట్టి ఆట ఆడటం కంటే ముందు ఇద్దరూ డాబా మీదికి పోయి చాయ్ తాగి రావడం నయం.

పెద్దపిల్లలు రాకపోతే బతిమాలకండి, తిట్టకండి. తలుపు తెరిచి పెట్టి, నవ్వులు లోపలికి వినపడేటట్టు ఆడండి. వాడి కాయలు నాలుగు పక్కన పెట్టి, "నీ తరఫున చెల్లి వేస్తుందిరా" అని కేకేయండి. చెల్లి కావాలనే తప్పు కాయ జరుపుతుంది, అది చూసి ఊరుకోలేక వాడే వచ్చి కూర్చుంటాడు.